ఊరికి క్రొత్తగా వచ్చిన యంత్రము

చదువరులకంటె చెదపురుగులే యెక్కువ శ్రద్ధతో పుస్తకములను సేవించుచున్న మా యూరి చిన్న గ్రంథాలయమునకు, దాత యొకరు తమ యింట మూలబడియున్న కంప్యూటరును పంపగా, దానిలోని పాత సరకునంతయు తుడిచివేసి డెబియన్ అను ఆపరేటింగ్ సిస్టమును క్రొత్తగా నెక్కించు పని నా పాలబడెను. మొట్టమొదట తెరపై నిలిచిన భాషల పట్టికలో తెలుగును గూడ చూచి సంతోషించి, దానినే యెన్నుకొని, దేశము సంగతియు కీబోర్డు సంగతియు చెప్పి ముందునకు సాగితిని. అంతట నెట్‌వర్కును సమకూర్చుచున్నాననెడి భావముగల వాక్యమొకటియు, దాని క్రింద కుడివైపునకు నిండుచున్న సన్నని పట్టీ యొకటియు కనబడి, నేను చేతిలోని కాఫీగ్లాసును బల్లపై బెట్టునంతలో రెండును మాయమయ్యెను. ఈ యంత్రమునకు పేరేమి పెట్టవలెనని మరియొక ప్రశ్న వచ్చినది. ప్రక్కనే నిలుచున్న గ్రంథాలయాధికారి, "ఇంటర్నెట్ ఎప్పుడు పెడతారండీ?" అని యడిగెను. అది యప్పటికే వచ్చియున్నదని చెప్పగా నమ్మలేదు.

ఆయన నమ్మకపోవుటలో తప్పులేదు. కనురెప్పపాటులో ముగిసిన కార్యము జరుగలేదనుకొనుట మానవసహజము. దీనికి విజ్ఞులు పెట్టిన 'స్వయంచాలక సంవిధానము' అను పెద్దపేరు గూడ ఆ సంశయమును తీర్చుటకు మారు పెంచునదిగనే యున్నది. ఏలయన ఆ రెండు మూడు క్షణములలో మా కంప్యూటరు స్వయముగా నిర్ణయించుకొన్నది దాదాపు ఏమియు లేదు. అది కేకవేసి యడిగినది, ఆ కేక విన్న మరియొక యంత్రము జవాబు చెప్పినది. అడుగు విధానములోనే విద్య యంతయు నున్నది.

ఇంటర్నెట్టున జేరగోరు యంత్రమునకు నాలుగు సంగతులు తెలిసియుండవలెను. తన చిరునామా యేదో మొదట తెలియవలెను. 1981 లో స్థిరపడి నేటికిని చెల్లుచున్న నాలుగవ కూర్పు నియమముల ప్రకారము అది 32 బిట్ల సంఖ్య, మనము దానిని 192.168.1.37 వలె నాలుగు ముక్కలుగా వ్రాసికొందుము. ఆ సంఖ్యలో నెంతభాగము వీధిపేరో, ఎంతభాగము ఇంటి నంబరో తెలుపు నెట్‌మాస్కు కావలెను. వీధి దాటిపోవలసిన యుత్తరములను ఎవరి చేతికీయవలెనో, అనగా గేట్‌వే యేదో యెరుగవలెను. మనుష్యులు తలచుకొను పేర్లను సంఖ్యలుగా మార్చి చెప్పు డి.ఎన్.ఎస్. సర్వర్ యెక్కడనున్నదో తెలియవలెను. ఒకప్పుడు ఈ నాలుగింటిని ఒక చీటీపై వ్రాయించుకొని తెచ్చి చేతితో టైపుచేయవలసియుండెడిది. ఒక్క అంకె తారుమారైనచో యంత్రము మూగవోవుచుండెను. అంతకంటె చెడ్డది, ఒకే సంఖ్యను పొరపాటున ఇరువురికి వ్రాసియిచ్చినచో ఒకరి యుత్తరములు మరియొకరి గుమ్మమున పడి, ఇద్దరికిని కనెక్షను వచ్చుచు పోవుచు, కారణమేదో సాయంకాలమువరకు తేలకుండెడిది.

ఇక ఇన్‌స్టాలరు స్థితిని తలచుకొందము. దానికింకను సొంతయిల్లు లేదు. డిస్కు విభజన సైతము జరుగలేదు. అది కేవలము మెమరీలో నిలిచియున్న తాత్కాలిక జీవి. నెట్‌వర్కు కార్డును గుర్తించి, దానికి తగిన డ్రైవరును దెచ్చుకొని, కేబులు రెండవకొన యెక్కడనైన తగిలియున్నదో లేదోయని డెబియన్ ఇన్‌స్టాలరు సాధారణముగా మూడు సెకనులు వేచిచూచును. ఆ క్షణమున దానికి తెలిసినది ఒక్కటే: కార్డునందు కర్మాగారముననే పొదిగిన 48 బిట్ల మ్యాక్ సంఖ్య. అందు మొదటి 24 బిట్లు ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ ఆ తయారీదారునకు కేటాయించినవి. తక్కినవి తయారీదారు తన వస్తువులకు వరుసగా వేసికొన్నవి. దీనిని పుట్టుమచ్చ యనవచ్చును. పుట్టుమచ్చను బట్టి మనిషిని ఆనవాలు పట్టవచ్చునుగాని, అతని యింటికి దారి తెలియదు.

కావున చిక్కు ఇది. జవాబు రావలెనన్న చిరునామా యుండవలెను. చిరునామా తెలియవలెనన్న జవాబు రావలెను. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లియైనగాని పిచ్చి కుదరదు అను సామెత యీ సందర్భమునకే పుట్టినదా యనిపించును.

ఈ చిక్కునకు మొదటి విడుపును 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ఆ రోజులలో డిస్కు లేని వర్క్‌స్టేషనులు బయలుదేరుచుండెను. తమ చిరునామాను వ్రాసిపెట్టుకొనుటకు వానికి చోటే లేదు. అట్టి యంత్రము, "నా పుట్టుమచ్చ యిది, నా సంఖ్య యేది?" అని కేకవేసినచో, పట్టిక చేతబట్టి కూర్చున్న సర్వర్ యొకటి చూచి చెప్పును. దీని పేరు ఆర్.ఎ.ఆర్.పి. మన రాష్ట్రమున కరణముల పదవులు రద్దైనది సరిగా ఆ సంవత్సరము జనవరిలోనే యగుట నాకు వినోదముగా తోచును: ఇచ్చట ఊరి దస్తరమును ముడిచిన యేడాదియే, సముద్రముల కావల యంత్రముల ఊరికి కరణమొకడు వెలసెను. ఐతే ఆ మొదటి కరణము చెప్పగలిగినది సంఖ్య నొక్కదానినే. అతని చెవికి వీధి దాటిన కేక వినబడదు గావున వీధికొక కరణమును నియమింపవలసివచ్చెను.

మరుసటియేడు సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ గిల్మోర్ అను నిరువురు బూట్‌పి అను మెరుగైన పద్ధతిని వ్రాసిరి. ఇందు సంఖ్యతోపాటు, నీవు మేలుకొనుటకు కావలసిన ఫైలు ఫలానా సర్వర్‌నందు ఫలానా పేరుతో నున్నదను సమాచారము గూడ నొకే యుత్తరమున వచ్చును. రౌటరులు ఆ యుత్తరమును ఒక వీధినుండి మరియొక వీధికి మోసికొనిపోవచ్చును. లోపమొక్కటే మిగిలెను. ప్రతి పుట్టుమచ్చకు ఎదురుగా నొక సంఖ్యను మనుష్యుడే ముందుగా పట్టికలో వ్రాసియుంచవలెను. అతిథి యెవడైన తన యంత్రమును చంకబెట్టుకొని వచ్చినచో వానికి అన్నము లేదు.

అతిథులకు గూడ విస్తరివేసినది పెన్సిల్వేనియాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయమునందలి రాల్ఫ్ డ్రోమ్స్ పేర 1993 అక్టోబరులో వెలువడిన డి.హెచ్.సి.పి. దానినే 1997 మార్చిలో సంస్కరించిరి. నేడు మన యిండ్ల రౌటరులన్నియు అనుసరించుచున్నది ఆ సంస్కరణమునే. ఇది బూట్‌పి లోగిలిని పడగొట్టక, అందే క్రొత్త కాపురము పెట్టినది. సర్వర్ 67వ పోర్టున వినుట, అడుగువాడు 68వ పోర్టున వినుట, ఉత్తరపు ఆకారము అన్నియు పాతవే. ఉత్తరము చివర బూట్‌పివారు విడిచిన ఖాళీస్థలమునకు ముందు 99.130.83.99 అను నాలుగంకెల రహస్యపు గురుతు వేయు ఆచారము సైతము నేటికిని చెదరక నిలిచియున్నది. ఆ గురుతు కనబడినగాని తరువాతి పంక్తులను ఎవరును చదువరు.

ఇప్పుడు మా గ్రంథాలయమున ఆ కాఫీగ్లాసు బల్ల చేరులోపల జరిగిన సంభాషణమును నిదానముగా వినవచ్చును. అది నాలుగు మాటలు.

మొదటిది కంప్యూటరు వేసిన చాటింపు. పంపినవారి చిరునామా వ్రాయవలసినచోట 0.0.0.0 అని సున్నలు చుట్టి, అందవలసినవారి చోట 255.255.255.255 అని, అనగా ఈ వీధిలోని వారందరికి అని వ్రాసి, "ఇచ్చట సంఖ్యలు పంచువారెవరైన నున్నారా?" అని యడిగినది. చిరునామా తెలియనివాడు ఒక్కరికి వ్రాయజాలడుగాని ఊరందరికి వినబడునట్లు అరవగలడు. పై సామెతలోని ముడి విడిపోవునది ఈ యొక్క యుపాయముతోనే. ఆ చాటింపులో తన పుట్టుమచ్చను చెప్పి, యాదృచ్ఛికముగా నేరుకొన్న 32 బిట్ల సంఖ్య నొకదానిని గురుతుగా జతపరచి, తనకు కావలసిన వస్తువుల పట్టికను గూడ చేర్చును. ఆ పట్టికలో ఒకటవ అంశము నెట్‌మాస్కు, మూడవది రౌటరు, ఆరవది డి.ఎన్.ఎస్. సర్వర్. కిరాణా దుకాణమునకు పంపు చీటీవలె అంకెలే యుండును. పేర్లు వ్రాసి చోటు పాడుచేయరు.

రెండవ మాట రౌటరుది. ఇంటి నెట్‌వర్కులలో కరణీకము వెలగబెట్టునది సామాన్యముగా అదియే. తన దగ్గరనున్న సంఖ్యలలో ఖాళీగానున్న దానినొకదానిని తీసి, "192.168.1.37 నీకీయగలను, షరతులివి" అని పలుకును. జాగ్రత్తగల సర్వర్ ఐనచో అట్లు పలుకుటకు ముందు ఆ సంఖ్యనే ఒకమారు పిలిచి, ఎవరును పలుకలేదని రూఢిచేసికొనును. ఇచ్చట పాఠకునకు న్యాయమైన సందేహము కలుగవలెను: చిరునామా యింకను పొందనివానికి ఈ జవాబు చేరుటెట్లు? దీనికి రెండు దారులు గలవు. వీధిలోపల, కేబులు మీద, ఉత్తరములు నిజమునకు నడచునది పుట్టుమచ్చలను బట్టియే గావున, సర్వర్ దానినే పైనవ్రాసి నేరుగా పంపవచ్చును. కొన్ని యంత్రములు మాత్రము తమకు సంఖ్య దక్కువరకు తమ పేర వచ్చిన యుత్తరమును సైతము విప్పజాలవు. అట్టివి చాటింపులోనే ఒక బిట్టును ఎత్తిపట్టి, "జవాబును గూడ కేకవేసియే చెప్పుడు" అని వేడుకొనును. ఆ కేకను వీధియంతయు వినునుగాని, యాదృచ్ఛికమైన ఆ గురుతుసంఖ్య యెవరిదో వారే దానిని తమ జవాబుగా స్వీకరింతురు.

మూడవ మాట మరల కంప్యూటరుదే. అది మరల చాటింపే. ఈయవచ్చినవాడు తెలిసినతరువాత వానితో మెల్లగా మాటాడక ఊరందరికి వినబడునట్లు ఏల అరవవలెనని మొదట చదివినప్పుడు నేనును విసుగుకొంటిని. కారణము మర్యాదకు సంబంధించినది. వీధిలో నిరువురు సర్వర్లుండి, ఇరువురును చెరియొక సంఖ్యను ఈయజూపియుండవచ్చును. అద్దెకు వచ్చినవాడు ఒక యింటిని కుదుర్చుకొని రెండవ యింటివారికి కబురంపనిచో, వారు గదిని తాళమువేసి యుంచుకొని యెదురుచూతురు గదా! "ఫలానావారిచ్చినదానిని పుచ్చుకొనుచున్నాను" అని బహిరంగముగా చెప్పుటచే రెండవవారు తమ సంఖ్యను వెనుకకు తీసికొందురు.

నాలుగవది ధ్రువీకరణము. అదియు వచ్చినపిదప జాగరూకమైన యంత్రము ఆ సంఖ్యను వెంటనే తగిలించుకొనక, "ఈ సంఖ్యగలవారెవరైన నున్నారా?" అని కడపటిమారు వీధిలో విచారించును. మౌనమే అంగీకారము. ఎవరైన పలికినచో వచ్చినదానిని తిరస్కరించి మొదటినుండి యారంభించును.

ఇట్లు దక్కిన సంఖ్య దానమును గాదు, క్రయమును గాదు, అది కౌలు. 32 బిట్లతో నేర్పడు సంఖ్యలు మొత్తము 429 కోట్ల 49 లక్షల పైచిలుకు. ప్రపంచమునందలి యంత్రములకు అవి చాలకనే 192.168 తో మొదలగునవి మొదలైన కొన్ని వరుసలను ఎవరి యింట వారు వాడుకొనుటకు 1996 లో స్థిరముగా విడిచిపెట్టిరి. మా గ్రంథాలయమునకు వచ్చిన అతిథి సెలవు చెప్పకయే తన ల్యాప్‌టాప్ మూసి వెడలిపోవును గావున, ఇచ్చిన సంఖ్య తనంతట తిరిగివచ్చు మార్గముండవలెను. మా రౌటరునందలి కౌలు గడువు 24 గంటలు. అందు సగకాలము, అనగా 12 గంటలు గడువగనే కంప్యూటరు తన సర్వర్‌తో నేరుగా, ఈసారి కేకలులేక, గడువు పొడిగింపుమని కోరును. జవాబు రానిచో ఎనిమిదింట ఏడువంతుల కాలము గడచువరకు ఓపికపట్టి, అనగా 21వ గంటకు, మరల చాటింపునకు దిగి, ఎవరైనను సరే పొడిగింపుడని అడుగును. గడువు నిండినచో సంఖ్యను విడిచి వీధిలో నిలువవలసినదే. మన కౌలుదారులెవ్వరును ఇంత ముందుచూపుతో రైతునడుగుట నేనెరుగను.

ఇంత చక్కని యేర్పాటు విఫలమగుటయు గలదు. కొన్ని యేండ్లక్రిందట ఒక కళాశాలలో ఇరువది యంత్రములకు ఇదే పనిని చేయుచుండగా, ప్రతిదానిపైనను నెట్‌వర్కు సంవిధానము విఫలమైనదను ఎఱ్ఱని తెర వచ్చెను. అప్పుడు డెబియన్ నాలుగు దారులు చూపును: మరల ప్రయత్నించుట, హోస్ట్‌నేము చెప్పి ప్రయత్నించుట, చేతితో వ్రాయుట, ప్రస్తుతమునకు మానుకొనుట. మరల ప్రయత్నింపగనే ప్రతి యంత్రమును లొంగెను. అచ్చటి ల్యాబు సహాయకునకు ఇది యొక ఆచారమైపోయి, మొదటిసారి విఫలము కానిదే పని సవ్యముగా జరుగదని నమ్ముచుండెను. నిజమైన కారణము గోడకు వ్రేలాడుచున్న స్విచ్‌లో నుండెను. కేబులులు చుట్టుతిరిగి వలయమేర్పడినచో చాటింపులు అంతులేక తిరుగుచు నెట్‌వర్కును ముంచివేయును గావున, పెద్దస్విచ్‌లు క్రొత్తగా తగిలిన ప్రతి కేబులును స్పానింగ్ ట్రీ అను పద్ధతిచే శంకించును. పాత నియమము ప్రకారము 15 సెకనులు ఆలకించి, మరి 15 సెకనులు నేర్చుకొని, అటుపిమ్మటనే ద్వారము తెరచును. ఇన్‌స్టాలరు డ్రైవరును మేలుకొల్పి లంకె కుదిరినది మొదలు ఆ ముప్పది సెకనులును, మూసిన తలుపుముందు కేకలువేసి, గొంతెండి, ఓటమి నొప్పుకొనును. సరిగా ఆవేళకు తలుపు తెరచుకొనును. రెండవ ప్రయత్నము ఫలించుటలో మహిమ యేమియు లేదు. ఆ ద్వారమునకు ఆవల నున్నది మరియొక స్విచ్ కాదు, ఒంటి కంప్యూటరేయని స్విచ్‌నకు తెలియజెప్పు అమరిక యొకటి గలదు. దానిని చేసినపిమ్మట ఎఱ్ఱతెర మరల రాలేదు. సహాయకునకు మాత్రము కొంత అసంతృప్తి మిగిలెనని నా యనుమానము.

వై-ఫై కార్డులది వేరొక గొడవ. వానిలో ననేకములు తయారీదారుడిచ్చిన ఫర్మ్‌వేరును మ్రింగినగాని కదలవు. ఆ ఫర్మ్‌వేరు ఇంటర్నెట్టునుండి రావలెను. ఇంటర్నెట్టు ఆ కార్డుద్వారా రావలెను. మరల మన సామెతయే. స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు నియమమును పట్టుదలతో పాటించు డెబియన్‌వారు చిరకాలము ఈ కష్టమును సహించి, 2022 లో ఓటువేసికొని, 2023 జూన్‌లో విడుదలచేసిన 12వ కూర్పునుండి అట్టి ఫర్మ్‌వేరును ఇన్‌స్టాలరుతోనే యిచ్చుచున్నారు. వారు సిద్ధాంతమును సడలించిరని నిందించువారున్నారు. పాత ల్యాప్‌టాప్‌లతో కుస్తీపట్టిన నేను వారిలో చేరజాలను.

జవాబు రాకపోవుటకంటె ప్రమాదకరమైనది తప్పుజవాబు వచ్చుట. క్రొత్తయంత్రము ఊరిలో మొదట పలికినవానిని నమ్మును. పలికినవాడు నిజముగా కరణమేనా యని విచారించు సాధనము మూలనియమములలో లేదు. ఒక కార్యాలయమున ఉద్యోగి యొకడు తన బల్లదగ్గర వై-ఫై లేదని యింటినుండి చిన్నరౌటరును దెచ్చి, ఎదురుతిప్పి గోడకు తగిలింపగా, అది పెద్దసర్వర్‌కంటె ముందుగా పలికి, అంతస్తులోని యంత్రములకెల్ల తానే గేట్‌వేనని చెప్పి, ఎక్కడికిని పోని ద్వారమువద్దకు అందరిని తోలుకొనిపోయెను. అతనికి దురుద్దేశము లేదు. ఉన్నవాడైనచో అందరి యుత్తరములను విప్పి చదివియుండును. సర్వర్ తన్ను తాను రుజువుచేసికొను పద్ధతి యొకటి 2001 లో ప్రకటింపబడెనుగాని, ముందుగా రహస్యపు తాళపుచెవిని ప్రతి క్రొత్తయంత్రమునకు అందజేయవలసియుండుటచే ఎక్కడను వేళ్లూనలేదు: ఊరికి క్రొత్తవాడు తాళపుచెవితో వచ్చుటెట్లు? నేడు స్విచ్‌లే కాపలాదారులై, నియమించిన ద్వారమునుండి తప్ప ఇతరచోట్లనుండి వచ్చు సర్వర్ మాటలను అణచివేయుచున్నవి.

ఎవరును పలుకనిచోట యంత్రము నిజముగా స్వయంచాలకమగును. 2005 లో నియమబద్ధమైన పద్ధతి ప్రకారము అది 169.254 తో మొదలగు సంఖ్య నొకదానిని తానే యూహించుకొని, వీధిలో మూడుమారులు విచారించి, ఎవరును కాదననిచో తగిలించుకొనును. విండోస్ వాడువారు ఈ అంకెలను చూచి దిగులుపడుట పరిపాటి, ఏలయన ఆ సంఖ్యతో వీధి దాటి పోలేరు. ఒక కేబులుతో ముడిపడిన రెండు యంత్రములు ఫైళ్లను మార్చుకొనుటకు అది చాలును, అంతే. ఆరవకూర్పు ఇంటర్నెట్టులో కొంత నడిమిమార్గము కుదిరినది: 128 బిట్ల సంఖ్యలో మొదటిసగమును, అనగా వీధిపేరును, రౌటరు ప్రకటించును, రెండవ సగమును యంత్రము తానే కూర్చుకొనును. మొదట్లో ఆ రెండవ సగమును పుట్టుమచ్చనుండియే చేసెడివారు. దానిచే మనిషి యేయూరు పోయినను ఆ గురుతు వెన్నాడుచున్నదని గ్రహించి, ఇప్పుడు యాదృచ్ఛికసంఖ్యలను వాడుచున్నారు.

వందలకొలది యంత్రములున్నచోట పెన్‌డ్రైవు గూడ అక్కరలేదు. ఇంటెల్‌వారు 1999 లో స్థిరపరచిన పి.ఎక్స్.ఇ. పద్ధతిలో ఖాళీయంత్రముయొక్క కార్డే డి.హెచ్.సి.పి. చాటింపు వేసి, సంఖ్యతోపాటు ఫైలు పేరునుగూడ తెలిసికొని, ఇన్‌స్టాలరును తెప్పించుకొనును. బూట్‌పి పుట్టిన పాతపని మరల అక్కరకు వచ్చినదన్నమాట. ఇన్‌స్టాలరు అడుగు ప్రశ్నలకు జవాబులను ప్రీసీడ్ అను ఫైలులో ముందే వ్రాసి సర్వర్‌పై నుంచవచ్చునుగాని, నెట్‌వర్కు ప్రశ్నలకు జవాబులను అందు వ్రాసిన ప్రయోజనము లేదు; ఆ ఫైలు చేరునప్పటికి నెట్‌వర్కు ప్రశ్నలు ముగిసియుండును. వానిని బూటు ఆజ్ఞతోనే చెప్పవలెను. ఈ చిన్నసంగతి తెలియక నేను ఒక రాత్రి నిద్రమానితిని.

గ్రంథాలయమున పని ముగిసి యంత్రమును మరల ప్రారంభించితిని. ఇన్‌స్టాలరు తనకు దక్కిన సంఖ్యను డిస్కుపై వ్రాయదు, డి.హెచ్.సి.పి.నే యడుగుమను ఆదేశమును మాత్రము విడిచిపోవును. కావున క్రొత్తవ్యవస్థ కన్ను దెరచి మొదటినుండి నాలుగు మాటలును ఆడెను. పాతవానికి పాతసంఖ్యనే యిచ్చుట సర్వర్లకు మర్యాద. అట్లయినను ఈమారు దక్కినది 37 కాదు, 41. ఇన్‌స్టాలరు పుట్టుమచ్చ నొక్కదానినే చూపియుండగా, క్రొత్తవ్యవస్థ తాను కల్పించుకొన్న వేరొక గుర్తింపుసంఖ్యను చూపుటచే, రౌటరు వీరిరువురు వేర్వేరు మనుష్యులని తలచెను. దాని పట్టికలో ఒకే పుట్టుమచ్చ యెదుట రెండు కౌలు పద్దులు కనబడెను. గ్రంథాలయాధికారి అప్పటికి కనెక్షనును నమ్మి, వార్తాపత్రిక నొకదానిని తెరపై తెరచి చదువుకొనుచుండెను. నేను మూడవనాడు పోయి చూచునప్పటికి 37వ పద్దు గడువుతీరి తొలగిపోయియుండెను.